మూడో పొర: ఏకాదశి సంతకం

పోయిన వారం ఉమాశ్రీని మావగారి గది తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. తలుపు తోసేలోగా, కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఉమాశ్రీ భర్త సుధన్వ కిందటేడు మాఘపౌర్ణమికి హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానానికి దిగాడు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా చూస్తుండగానే కొట్టుకుపోయాడు. జాలర్లు పడవలేసుకుని ఎంత వెతికినా శవం దొరకలేదు. శవం లేని చావుకి ఏం చెయ్యాలో శాస్త్రంలో ఉంది కాబట్టి, తండ్రి పాండురంగంగారు మోదుగ కాడలతో, దర్భలతో మనిషంత బొమ్మ చేయించారు. దానికి కొడుకు పేరు పెట్టి, తన చేత్తోనే నిప్పంటించారు. కన్నతండ్రి కొడుక్కి కర్మ చెయ్యడమే ఘోరమనుకుంటే, కాల్చడానికి కొడుకు కూడా లేకపోవడం ఇంకా ఘోరం.

సుధన్వ, ఉమాశ్రీ, స్నేహితుడు ఫణీంద్ర కలిసి గుడివాడలో ‘బోదె’ అనే సంస్థ పెట్టారు. క్రిప్టో నాణేలకి ఒక పెద్ద గొలుసు ఉంటుంది. ప్రపంచంలో ఎవరు ఎవరికి ఏం ఇచ్చినా అందులోకి ఎక్కాల్సిందే. బందరు కాలవ నీళ్ళన్నీ ఒక్క తూము గుండా పొలాలకి పారాలంటే ఎంత ఆలస్యమో, దాని పనీ అంత ఆలస్యం. అందుకని వీళ్ళు పక్కన పిల్లకాలవల్లాంటి బోదెలు తవ్వారు. ఇద్దరు మనుషులు ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నా తమలో తాము సంతకాలు పెట్టుకుని సర్దుకుంటారు, ఆఖరి లెక్క ఒక్కటే గొలుసుకి ఎక్కుతుంది. అది రెండో పొర. ఇలాంటి బోదెలన్నిటినీ కట్టగట్టి, అంతా సవ్యంగానే ఉందని ఒకే ఒక్క రుజువుతో గొలుసుకి చూపించేది మూడో పొర. అది తెరిస్తే జిల్లా మొత్తం వాడుకున్నా గొలుసు మీద బరువు పడదు.

ఈ వ్యవహారం మొత్తానికి ఉన్న తాళాన్ని మూడు ముక్కలు చేసి ముగ్గురూ తలొకటి దగ్గర పెట్టుకున్నారు. ఏ ఇద్దరు సంతకం పెట్టినా తాళం తెరుచుకుంటుంది. కానీ మూడో పొరలోకి మారాలంటే ముక్కలు కొత్తగా చేసుకోవాలి, దానికి బతికున్న ముక్కలన్నీ ఒప్పుకోవాలి. ఏడాది పాటు మూగగా ఉన్న ముక్క దానంతటదే చచ్చినట్టు లెక్క. సుధన్వ ముక్కకి ఆ ఏడాది నిండబోతుండగా, అది సంతకం పెట్టింది. అక్కణ్ణుంచి పెడుతూనే ఉంది. రెండు ముక్కలూ తనే దాచుకుని నాటకమాడుతోందని ఫణీంద్రకి ఉమాశ్రీ మీద అనుమానం. ఈ సాయంత్రంలోగా తేల్చకపోతే ఆ మాట నలుగురిలో అంటానని కబురు పెట్టాడు. ఉమాశ్రీకి మాత్రం వేరే అనుమానం వచ్చింది. అత్తగారు మావగారికి అన్నం వండని రోజునే చనిపోయిన భర్త సంతకం వస్తోంది. దయ్యాలు పంచాంగం చూసుకుని ఏకాదశికి రావు కదా.

ఇవాళ ఏకాదశి. బందరు ఈడేపల్లిలో ఉన్న ఆ ఇంటి గది లోపల్నుంచి మావగారి గొంతు సన్నగా వినిపిస్తోంది.

“...త్రయార్షేయ ప్రవరాన్విత, భారద్వాజస గోత్రః, ఆపస్తంబ సూత్రః...”

ఒక్కో మాటకీ వెనకాల టకటకమని మీటలు నొక్కిన చప్పుడు. ఆ తర్వాత నిశ్శబ్దం. ఉమాశ్రీ చేతిలో ఫోను వణికింది. తెర మీద ఎప్పటిలాగే రెండు మాటలు, సుధన్వ అని పేరు, సంతకం అందిందని కబురు. ఇన్నిసార్లు చూసినా ఆ పేరు కనపడగానే భయమేస్తుంది. అప్పుడు కలిగేది భయం మాత్రమే కాదు. ఆ సంగతి ఉమాశ్రీ ఎవరితోనూ అనలేదు.

తలుపు తోసింది.

పాండురంగంగారు మడిపంచెతో చాప మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో సుధన్వ పాత ల్యాప్‌టాప్, దానికి తగిలించి అగ్గిపెట్టంత నల్లటి పెట్టె. సుధన్వ ముక్క ఉండేది అందులోనే. దాన్ని మొలతాడుకి కట్టుకు తిరిగేవాడు. స్నానానిక్కూడా తీసేవాడు కాదు, నీళ్ళు తగిలినా ఏమీ కాదని గొప్పగా చెప్పేవాడు. అది అతనితోపాటే సముద్రంలోకి పోయిందని ఉమాశ్రీ ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

“మీరా మావయ్యగారూ,” అంది.

ఆయన ఏదీ దాచబోలేదు. ల్యాప్‌టాప్ కిందపెట్టి కండువాతో మొహం తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చూచిరాత రాస్తూ పట్టుబడిన పిల్లల మొహాలు ఎన్ని చూశారో, ఇవాళ ఆయన మొహం అలా ఉంది.

“కూర్చో అమ్మాయ్. నువ్వొస్తావని తెలుసు. ప్రతిసారీ ఒకే తిథికి చేస్తే నువ్వు పట్టుకోకుండా ఉంటావా?”

“తెలిసి కూడా ఏకాదశి నాడే ఎందుకు చేశారండీ?”

“వాడి సంతకం దొంగతనంగా పెడుతున్నాను. కనీసం ఉపవాసం ఉన్న రోజున పెడదామనుకున్నాను. కడుపునిండా తిని ఆ పని చెయ్యలేకపోయాను.”

ఉమాశ్రీకి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో ఈయన ఉపవాసం ఉండి పాపం తగ్గించుకుంటుంటే, గుడివాడలో తను దొంగగా నిలబడింది. పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు నడిపే నాగదుర్గ లాంటివాళ్ళు, పైదేశాల నుంచి వచ్చే తమ డబ్బు ఇందులో ఉంచినవాళ్ళు, ఆఫీసు మెట్లెక్కి దిగుతున్నారు. కానీ నోటికి వచ్చింది అవేవీ కాదు.

“ఆయన బతికున్నారనుకున్నాను మావయ్యగారూ. ఆ సంతకం వచ్చినప్పటి నుంచీ గేటు చప్పుడైతే లేచి చూస్తున్నాను. ఎక్కడో ఉన్నారు, మతిపోయిందేమో, ఏ ఆస్పత్రిలో ఉన్నారో, ఈ ఒక్క పనీ గుర్తుండి చేస్తున్నారు అనుకున్నాను. మీరు పక్కగదిలో కూర్చుని నాకు మొగుణ్ణి పుట్టించారు.”

ఆయన కిటికీ వైపు తిరిగారు. వేసవికి కాలవలు కట్టేశారేమో, కిటికీలోంచి వచ్చే గాలిలో తేమ లేదు, ఉప్పు మాత్రం ఉంది.

“తప్పేనమ్మా,” అన్నారు. “నీ సంగతి ఆలోచించలేదు. ఆ సమయానికి నా బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. ముక్క చస్తుందట, ఏడాది మాట్లాడకపోతే చస్తుందట. వాడే నాకు ఇదంతా కూర్చోబెట్టి చెప్పాడు, ఈ గదిలోనే. నాన్నా, ఇది శాస్త్రం కంటే గట్టిది, ఇందులో చచ్చినవాడు మళ్ళీ లేవడు అన్నాడు. హంసలదీవిలో ఆ బొమ్మ పక్కన నిలబడ్డప్పుడు పురోహితుడు పేరు చెప్పమన్నాడు. చెప్పాను. నిప్పు పెట్టమన్నాడు. పెట్టాను. పచ్చి మోదుగ, ఎంతకీ అంటుకోలేదు. ఊదాను. వంగి, నా నోటితో ఊదాను అమ్మాయ్, వాడు తొందరగా కాలాలని. అటువంటి పని ఒకసారి చేశాను. మళ్ళీ నా కళ్ళముందు వాడు ఇంకోసారి చస్తుంటే చూస్తూ కూర్చోలేకపోయాను.”

ఉమాశ్రీ చాప మీద కూలబడింది. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. మళ్ళీ వితంతువు అయినట్టుంది. మొదటిసారి చుట్టూ జనం ఉన్నారు, ఏడుపులున్నాయి, ఇప్పుడు ఆ తోడు కూడా లేదు. ఇక లేడు. సంతకం పెట్టింది ఈ పెద్దాయన. గేటు చప్పుడైనా ఇక లేవనక్కర్లేదు.

“ఈ పెట్టె మీకెక్కడిది?”

“ఒడ్డున దొరికిన సంచీలో ఉంది. బట్టల మధ్యన. అవనిగడ్డలో పోలీసులు నా చేతికే ఇచ్చారు కదా.”

“తెరవడానికి మాట కావాలి. ఆ మాట నాకే తెలీదు. మీకెలా తెలిసింది?”

పాండురంగంగారు అప్పుడు చిన్నగా, గర్వమూ బాధా కలిసిన నవ్వు నవ్వారు. “ప్రవర పెట్టుకున్నాడమ్మా. నువ్వు వంద రకాలుగా ప్రయత్నించినా తట్టదు, ఆడపిల్లవి, నీచేత ఎవరూ చెప్పించరు. నేను వాడికి ఎనిమిదో ఏట నేర్పిందే. ఋషులు, గోత్రం, సూత్రం, శాఖ, చివర పేరు. ప్రపంచానికంతా తాళాలు చేసే మొనగాడు, తన తాళానికి మాత్రం మా ఇంట్లో వడుగైన ప్రతి వెధవకీ వచ్చిన మాటే పెట్టుకున్నాడు.”

ఉమాశ్రీకి ఏడుపులోనూ నవ్వొచ్చింది. అది అచ్చం సుధన్వ చేసే పనే. ఊళ్ళో అందరి పాస్‌వర్డ్‌లనీ వెక్కిరించేవాడు.

“అయితే చివర ఆయన పేరు పెట్టి చూస్తే తెరుచుకుందా?”

“అదే కుదరలేదు. సుధన్వ శర్మ అన్నాను, కాదంది. నా పేరు, మా నాన్నగారి పేరు, వాడి జన్మనక్షత్రం పేరు. ఏదీ కాదంది. ఇంకొక్కసారి తప్పితే ఇక ఎప్పటికీ తెరుచుకోనని ఎర్రగా రాసి చూపించింది. నా వల్ల కాదని మూసేస్తుంటే, మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, శర్మ తీసేసి తరణి అని పెట్టండి అంది. తరణి ఎవరో నాకు తెలీదు. సూర్యుడి పేరు కదా, ఏదో నిత్యం చదువుకునేవాడేమో అనుకున్నా. పెట్టాను. తెరుచుకుంది.”

తరణి.

ఉమాశ్రీకి ఆ పేరు ఇంకొకరి నోట వినడం ఇదే మొదటిసారి. అయిదో నెలలో పోయిన తమ బిడ్డకి ఇద్దరూ అనుకున్న పేరు అది. ఆడైనా మగైనా సరిపోతుందని సుధన్వే ఎంచాడు. పుట్టాక అందరికీ చెబుదామనుకున్నారు. పుట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ పేరు తమలో తామైనా మళ్ళీ అనుకోలేదు. అతను మాత్రం దాన్ని ఇక్కడ పెట్టుకున్నాడన్నమాట. పుట్టని పిల్ల పెద్దల ముందు నిలబడి తన గోత్రమూ పేరూ చెప్పుకుంటున్నట్టుగా, రోజూ ఆ మాటతోనే పెట్టె తెరిచేవాడన్నమాట. ఆమె రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. అతని మీద ఇంత ప్రేమ మిగిలి ఉందని తనకే తెలీదు.

ఆ ఏడుపు పూర్తిగా రాకుండానే ఆగిపోయింది. చేతులు తీసి మావగారి వంక చూసింది.

“అత్తయ్యగారికి ఆ పేరెలా తెలుసు?”

“వాడు ఎప్పుడైనా చెప్పాడేమో.”

“చెప్పరండీ. మా ఇద్దరికి తప్ప తెలీదు.”

వంటింట్లో కామేశ్వరమ్మగారు కత్తిపీట ముందు కూర్చుని, భర్త ఫలహారానికి ఉడకబెట్టిన చిలగడదుంపలు ముక్కలు కోస్తున్నారు. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ మాట తగ్గించేశారు. పిల్లలు పుట్టకముందు ఎలా ఉండేదో అలా ఉందీ ఇల్లు అని మాత్రం ఒకసారి అన్నారు. ఉమాశ్రీ గుమ్మంలో నిలబడి అడిగింది.

“తరణి పేరు మీకెవరు చెప్పారు అత్తయ్యగారూ?”

“వాడే చెప్పాడు.”

“ఎప్పుడండీ?”

“సంవత్సరీకం అయిన మర్నాడు. ఈయన గుడికి వెళ్ళారు, నువ్వు గుడివాడ వెళ్ళావు. ఫోన్ చేశాడు.” కత్తిపీట మీద ముక్క తెగింది. “నాన్న చేత పెట్టె తెరిపించమ్మా, ఆ పేరు పెట్టమను, నేను చెప్పానని మాత్రం చెప్పకు అన్నాడు. సంతకం ఆపకుండా పెట్టిస్తూ ఉండమన్నాడు. చెప్పకూడదనే చెప్పలేదు. నువ్వు అడిగావు, చెప్పాను. నాకు అబద్ధం ఎందుకు?”

ఉమాశ్రీ వెనక పాండురంగంగారు వచ్చి నిలబడ్డారు. గోడ పట్టుకున్నారు.

“కామేశ్వరీ, నీకు కల వచ్చి ఉంటుంది,” అన్నారు మెల్లిగా.

“కలైతే నాకు ఆ పేరెలా వస్తుందండీ? ఉమకి తప్ప తెలీదంటోందిగా.” ఆవిడ తలెత్తలేదు. “ఇంకో మాట కూడా అడిగాడు. బొమ్మని కాల్చేటప్పుడు నాన్న ఏడ్చాడా అన్నాడు. నేనక్కడ లేనుగా, ఆడవాళ్ళని రానివ్వలేదు. తెలీదురా అన్నాను.”

మూకుడులో నూనె కాగిపోతుంటే ఉమాశ్రీ వెళ్ళి స్టౌ ఆపింది. చెయ్యి పని చేస్తోంది కానీ బుర్ర ఎక్కడో ఉంది. బతికున్నాడు. ఆ మాట కోసం పదిహేను నెలలుగా మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు మాట వచ్చింది, సంతోషం రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి ఆమెకి రెండు నిమిషాలు పట్టింది. మనకి అంతకంటే తక్కువే పడుతుంది, మనకి అతను మొగుడు కాదు కాబట్టి.

బోదె మొదలెట్టిన రోజుల్లో అందరి డబ్బూ సుధన్వ పేరు మీదే ఉండేది. అప్పటి లెక్క మీద ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. తర్వాత లెక్కలు మారాయి, నాగదుర్గ లాంటివాళ్ళ వాటాలు వాళ్ళ పేర్లకి వెళ్ళాయి. అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. ఎవరైనా పాత లెక్కని తెచ్చి ఇదే ఆఖరిదని గొలుసుకి ఎక్కిస్తే, ఎవరో ఒకళ్ళు చూసి అడ్డుకోవాలి. అందుకోసం ఒక కాపలా ప్రోగ్రాం పెట్టారు. కాలవ గట్ల మీద తూములు కాసే మనిషి పేరే దానికి పెట్టారు, లస్కర్ అని. లస్కర్‌ని రాసింది సుధన్వ. దాని కళ్ళు ఎప్పుడు మూయించాలో అతనికి తెలుసు, ఆ అదను కోసమే ఆగాడు. మూడో పొరలోకి మారిపోతే పాత లెక్కలన్నీ చిత్తుకాగితాలు. మారకుండా ఉన్నంత కాలం, అతని ముక్క బతికున్నంత కాలం, అందరి డబ్బూ ఒక్క రోజులో మళ్ళీ అతని పేరు మీదకి వచ్చేస్తుంది.

చచ్చిపోయినవాడికి ఆ లెక్కతో పనిలేదు. బతికున్నవాడికే పని.

స్నానానికి కూడా తియ్యని పెట్టె ఆ రోజు ఒడ్డున బట్టల మధ్య ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. సంతకాలు ఇంటి నుంచే వెళ్ళాలి, తన జాడ తెలియకూడదు అని, తండ్రి చేతికి చేరేలా పెట్టాడు. ఒడ్డున జనం చూడాలని పౌర్ణమి రోజు ఎంచుకున్నాడు. మళ్ళీ పైకి ఎక్కడ తేలాడో, ఎవరు పడవ పెట్టారో. తండ్రి వంగి మంట ఊదుతుంటే అతను ఎక్కడో ఎండలో బట్టలు ఆరేసుకుంటున్నాడు. బిడ్డ పేరు కూడా ఈ పనికే వాడుకున్నాడు. ఉమాశ్రీకి అన్నిటికంటే అదే తగిలింది.

ఫోను మోగింది. ఫణీంద్ర.

“ఉమాశ్రీ గారూ, ఇప్పుడే మళ్ళీ సంతకం వచ్చింది. సాయంత్రం దాకా ఆగుతానన్నాను గానీ ఇక్కడ నావల్ల కావట్లేదు. నాగదుర్గగారు పొద్దుటి నుంచీ మెట్ల మీదే కూర్చున్నారు. మీరు పెట్టట్లేదంటే నమ్ముతానండీ, ఒక్క పని చెయ్యండి. మనిద్దరం కలిసి ప్రకటిస్తే ఏడాది ఆగక్కర్లేదు, ఆ ముక్క చస్తుంది. నా వంతు నేను చేసి ఉంచాను. మీరే ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు.”

“అవునండీ. ఒప్పుకోలేదు.”

ఒప్పుకుంటే ఆ ప్రకటనలో కారణం చూపించాలి. రెండే గళ్ళు ఉంటాయి, ఒకటి మరణం, రెండోది మోసం. మొదటి గడి నొక్కడానికి ఆమెకి చెయ్యి రాలేదు. రెండోది ఉందన్న సంగతే ఎవరూ పట్టించుకోలేదు.

ఉమాశ్రీ వంటింటి గట్టు మీద ఫోను పెట్టి ప్రకటన తెరిచింది. అత్తగారు కత్తిపీట మీంచి లేచారు.

“ఏం చేస్తున్నావే?”

“ఆయన ముక్క కోసేస్తున్నాను అత్తయ్యగారూ.”

“వాడు బతికే ఉన్నాడని చెప్తున్నాగా.”

“మీరు చెప్పారు కాబట్టే కోస్తున్నాను.”

కామేశ్వరమ్మగారు చెయ్యి పట్టుకోబోయారు. పాండురంగంగారు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. ఆయన ఉమాశ్రీని ఆపలేదు, చెయ్యమనీ అనలేదు. భార్య భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నారు. ఉమాశ్రీ గడి నొక్కింది. సంతకం పెట్టింది. తన ఇంటిపేరు తెర మీద ఒక్క క్షణం కనిపించి వెళ్ళిపోయింది. అది అతని ఇంటిపేరే.

ఫణీంద్ర ఇంకా లైన్లోనే ఉన్నాడు. ప్రకటన అతని తెర మీదకి చేరింది.

“ఉమాశ్రీ గారూ, తప్పు గడి నొక్కినట్టున్నారు.”

“లేదండీ. సరిగ్గానే నొక్కాను.”

“అంటే సుధన్వ...”

“మీకు తర్వాత చెప్తాను. గడువు ఎంతండీ?”

“గంట. ఆ గంటలో ముక్క తాలూకు మనిషి వచ్చి నేనున్నానని సంతకం పెడితే ప్రకటన చెల్లదు. పెట్టె కావాలిగా దానికి. పెట్టె అతని దగ్గరుంటే...”

“నా దగ్గరే ఉంది,” అంది ఉమాశ్రీ. మావగారి గదిలోకి వెళ్ళి, నల్ల పెట్టె ఊడదీసి, గుప్పిట్లో పెట్టుకుని వచ్చి వంటింట్లో కూర్చుంది. ఫోను పెట్టేసింది. ఇక ముగ్గురూ ఆ గంట గడవడం కోసం కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. పాండురంగంగారి ముందు చిలగడదుంపల పళ్ళెం మీద ఈగలు ముసురుతున్నాయి. ఈ ప్రకటన నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతివాడికీ కనిపిస్తుంది. ఎక్కడున్నా చూస్తాడు.

బియ్యం డబ్బా మీద కామేశ్వరమ్మగారి చిన్న ఫోను మోగింది.

తెర మీద పేరు లేదు, నెంబరు ఉంది. ఆవిడ చెయ్యి చాపారు. ఉమాశ్రీ గుప్పిట బిగించి లేచింది. ఇద్దరికంటే ముందు పాండురంగంగారు దాన్ని అందుకుని చెవికి పెట్టుకున్నారు. హలో అనలేదు. అవతల ఎవరో మాట్లాడారు, మాటలు వీళ్ళకి వినపడలేదు. ఆయన అంతా విన్నారు. వింటున్నంతసేపూ ఉమాశ్రీ గుప్పిట వైపే చూశారు.

“ఏడవలేదురా,” అన్నారు.